కళ్ళు మూసుకున్న పుత్తో

నీంఫా తన కొడుకును మేస్త్రి ప్రొకోపియో దగ్గరికి ఎత్తుకెళ్ళడం అది నాలుగో రోజు. పిల్లవాడి పేరు సరీనో, వాడికి పదకొండో నెల. వాళ్ళ ఇల్లు పాలెర్మో రేవు వెనక, జాలర్ల సందులో ఉంది. అక్కడినుంచి సోదరసంఘం వాళ్ళ ప్రార్థనామందిరం రెండే వీధుల దూరం. ఆ రెండు వీధులూ ఆమె మొదటి మూడు రోజులు తల ఎత్తుకుని నడిచింది. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ "మావాణ్ణి గోడ ఎక్కిస్తున్నారు" అని చెప్పుకుంది.

మందిరం లోపల గోడల నిండా పసిపిల్లలే. బొద్దుగా, దిసమొలతో, ఒకడు పక్కవాడి జుట్టు పీకుతూ, ఒకడు సబ్బుబుడగ ఊదుతూ, ఇంకొకడు స్తంభం మీదినుంచి కాళ్ళు వేలాడేసుకుని కిందికి తొంగిచూస్తూ ఉంటారు. అంతా సున్నమే. రెల్లూ ఇనపతీగా కలిపి కట్టిన ఎముకల మీద సున్నం మెత్తి, పైన చలువరాతి పొడి కలిపిన పలచటి పూత వేసి, ఆరేలోగా నునుపు పెడతాడు మేస్త్రి. వాటిని ఆయన పుత్తో అనేవాడు. సందులో ఆడవాళ్ళు మాత్రం సున్నప్పిల్లలనే అనేవారు.

ఈ పని కుదిర్చింది నీంఫా అత్త ఓలీవా. ఆవిడ మాట పెళుసు, మనసు ఇంకా పెళుసని కోడలి అభిప్రాయం. అలాంటి మనిషి ఒకరోజు వల బాగుచేస్తూ తల ఎత్తకుండానే, "పిల్లాణ్ణి మేస్త్రి చూస్తానన్నాడు. నాలుగు రోజులు తీసుకెళ్ళు" అంది. నీంఫా మొగుడు కోజిమో వసంతంలో పగడాల పడవ ఎక్కి ఆఫ్రికా ఒడ్డు వైపు వెళ్ళాడు. చలి ముదిరితే కానీ రాడు. వాడొచ్చేసరికి కొడుకు గోడ మీద ఉంటాడని నీంఫాకి ముచ్చటేసింది.

మేస్త్రి మాటకారి కాదు. గోనెసంచుల మీద పాత దుప్పటి పరిచి, సరీనోని కూర్చోబెట్టి, చేతికి చెక్కగరిటె ఇచ్చేవాడు. ముందు బంకమట్టితో చిన్న నమూనా చేసుకుంటున్నాడు. సరీనో గరిటెతో సంచిని కొట్టి, దుమ్ము లేస్తే కిలకిలా నవ్వేవాడు. మేస్త్రి పని ఆపి వాడి నోటివైపు చూసేవాడు, అవసరానికి మించి చూసేవాడు. మూడో రోజు వాడి చెయ్యి పట్టుకుని వేళ్ళు విప్పి గోళ్ళు చూశాడు.

"గోళ్ళెందుకండీ?" అని అడిగింది నీంఫా.

"గోళ్ళు కూడా చెయ్యాలిగా అమ్మా" అని ఆయన చెయ్యి వదిలేశాడు.

నాలుగో రోజు తిరిగి వస్తూ నీళ్ళతొట్టి దగ్గర ఆగింది. అక్కడ పేత్రా గుడ్డలు పిండుతోంది. పేత్రా మొగుడు తాపీపని చేస్తాడు. సందులో ఎవరింట్లో ఏం ఉడికినా మూతతీసి చూసే మనిషామె.

"ఏమే నీంఫా, నీకేమన్నా బుద్ధుందా?" అంది పేత్రా.

"ఉన్నదంతా మా అత్త దగ్గర దాచుకున్నానక్కా. నీకేమన్నా కావాలా?"

"నవ్వులాట కాదు. ఆ తలుపు పక్కన, పుర్రె మీద తల ఆనించి పడుకున్నాడే ఒక సున్నప్పిల్లాడు, వాడెవరో తెలుసా?"

"ఎవరు?"

"కమ్మరి నోఫ్రియో కొడుకు. వాడిప్పుడెక్కడున్నాడో చెప్పు."

ఆ సంగతి నీంఫాకి తెలుసు. ఆ పిల్లవాడి శవపేటిక సందులోంచే వెళ్ళింది. ఒకే మనిషి చంకన పెట్టుకుని తీసుకెళ్ళాడు.

"కిటికీ కింద గుడ్డ కప్పుకుని పడుకున్న పిల్ల, బగ్గీ తోలే బియాజో కూతురు. గోడ ఎక్కిన నెలకి పోయింది."

"పిల్లలు పోతూనే ఉంటారు కదక్కా. మన సందులో ఎంతమంది పోలేదు?"

"పోతారు. నాకు ఇద్దరు పోయారు. వాళ్ళనెవరూ సున్నంతో చెయ్యలేదు, వాళ్ళ చావు వాళ్ళు చచ్చారు. వీళ్ళట్టా కాదు." పేత్రా తడి గుడ్డను భుజాన వేసుకుని దగ్గరికొచ్చింది. "మా ఆయన చెప్తాడు. తడిసున్నం గాలి పీల్చుకుంటుందంట. పీల్చుకుంటేనే గట్టిపడుతుందంట. మరి పిల్లాడి మొహంలా చేసిన సున్నం ఎవరి గాలి పీలుస్తుందే?"

సరీనో తల్లి భుజం మీదినుంచి పేత్రా చెవిపోగు అందుకోబోయాడు. పేత్రా వాడి చెయ్యి తప్పించుకుని వెనక్కి జరిగింది. పిల్లవాణ్ణి తాకడానికి జంకినట్టు అలా జరగడం నీంఫాకి ఆ మాటలన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు వెళ్ళింది కానీ ఆ రెండు వీధులూ తల దించుకునే నడిచింది. మందిరంలోకి అడుగుపెట్టగానే పడుకున్నవాళ్ళను వెతకసాగింది. నిన్నటిదాకా ఆమె కళ్ళకి ఆడేవాళ్ళూ పాడేవాళ్ళే కనబడ్డారు. ఇప్పుడు పడుకున్నవాళ్ళు ఒక్కొక్కరే బయటపడ్డారు. పుర్రె మీద ఒకడు, కిటికీ కింద ఒకతె, పీఠం దగ్గర పూలదండ మీద ఒరిగినవాడు, మూల చీకటిలో ఇద్దరు ఒకరిమీద ఒకరు. ఐదుగురికీ కళ్ళు మూసి ఉన్నాయి. ఆడుకునేవాళ్ళలో ఇద్దరు మాంసం కొట్టు రొజాలియా కూతుళ్ళని అందరికీ తెలుసు. వాళ్ళిప్పుడు పెళ్ళీడుకొచ్చి వీధిలో తిరుగుతున్నారు. వాళ్ళ సున్నపు మొహాల్లో కళ్ళు తెరిచే ఉన్నాయి.

"మేస్త్రిగారూ, ఈ పడుకున్నవాడెవరు?" అని తలుపు పక్కవాణ్ణి చూపించింది.

ఆయన అటు చూడలేదు. "పుత్తో" అన్నాడు. బంకమట్టి ముద్ద తీసుకుని పిసకసాగాడు.

అంతలో ఎవరో పరదేశి పెద్దమనిషి లోపలికొచ్చాడు. ఎండకి మొహం పీతలా ఎర్రబడి ఉంది. వెంట ఊరు చూపించే మనిషి ఉన్నాడు. పరదేశి తల వెనక్కి వాల్చి గోడలు చూస్తూ "పుత్తో, పుత్తో" అని వేలు చూపించాడు. అతని నోట ఆ మాట గట్టిగా, రాయి మీద రాయి పడినట్టు వినిపించింది. అలా చూపిస్తూ చూపిస్తూ వేలు కిందికి దించి సరీనో దగ్గర ఆపాడు.

"పుత్తో" అన్నాడు. వంగి వాడి బుగ్గ గిల్లబోయాడు.

నీంఫా పిల్లవాణ్ణి లాక్కుంది. "బొమ్మ కాదు బాబూ. నా కొడుకు."

వెంటవచ్చినవాడు నవ్వాడు. "ఏమనుకోకమ్మా. ఆయనకి మన మాటల్లో వచ్చింది అదొక్కటే. వాళ్ళ దేశంలోనూ ఈ బొమ్మల్ని ఇదే పేరుతో పిలుస్తారంట. ఇక్కడ బొమ్మేదో పిల్లాడేదో తెలియట్లేదని మెచ్చుకుంటున్నాడు."

మెచ్చుకోలు విన్న నీంఫాకి తన కొడుకుని ఎవరో ముందే సున్నంలో రాసుకుపోయినట్టు, సముద్రాలవతల వాళ్ళకి కూడా ఆ సంగతి తెలిసినట్టు అనిపించింది. మేస్త్రి ఇంకా మట్టి పిసుకుతూనే ఉన్నాడు. ఆమె పిల్లవాణ్ణి ఎత్తుకుని బయటికి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం ఆఫ్రికా వైపునుంచి వేడిగాలి మొదలైంది. ఆకాశం ఇటుకపొడి రంగుకి తిరిగింది. సందులో తలుపులన్నీ మూశారు, కిటికీలకి తడిగుడ్డలు కట్టారు. సరీనో ఉక్కకి తాళలేక ఏడుపు లంకించుకున్నాడు. ఏడ్చి ఏడ్చి ఒక్కసారి ఊపిరి బిగబట్టాడు. అప్పుడు వాడి పెదవులు నీలంగా మారాయి, మూతి చుట్టూ బూడిదరంగు కమ్మింది. కిటికీకి కట్టింది నీలంగుడ్డ. దాని నీడ పడిందని నీంఫా తనకి తాను చెప్పుకుంది. ఇదివరకు అలా కనబడ్డప్పుడు మల్బరీపండ్ల రసమనీ, స్నానం నీళ్ళు చల్లగా ఉన్నాయనీ చెప్పుకుంది. ఇప్పుడు మాత్రం చెప్పుకున్న మాట తనకే నమ్మబుద్ధి కాలేదు.

"అత్తా, వీడికి దిష్టి తగిలింది. తీసెయ్యి" అంది.

ఓలీవా పళ్ళెంలో నీళ్ళు పోసి, ఉప్పు వేసి, వేలితో నూనె చుక్కలు వదిలింది. నూనె ఏ ఆకారంలో విచ్చుకుంటే దిష్టి ఎంతుందో చెప్పడంలో సందులో ఆవిడని మించినవాళ్ళు లేరు. ఆ రోజు మాత్రం ఆవిడ నూనె విచ్చుకోకముందే, చూడకుండానే, పళ్ళెం ఎత్తి గుమ్మంలో పారబోసింది.

"చూడలేదేం?"

"చూశాలే. ఏం లేదు."

"రేపటినుంచి నేను మందిరానికి వెళ్ళను. ఆ మేస్త్రి చేత్తో చేసిన పిల్లలు చచ్చిపోతున్నారు. పేత్రక్క చెప్పింది. నేనూ చూశాను, ఐదుగురు."

"పేత్రాకి నోరుంది, పనిలేదు."

"నేను లెక్కపెట్టుకుని వచ్చానత్తా."

ఓలీవా పళ్ళెం పక్కనపెట్టి వచ్చి కోడలి ముందు నేల మీద కూర్చుంది. అంత కిందగా ఆవిడ కూర్చోవడం నీంఫా ఎప్పుడూ చూడలేదు. "ఒక్క రోజమ్మా. ఇంకొక్క రోజు చాలంటున్నాడు మేస్త్రి. నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు నేను. అడిగానా?"

తిట్టుంటే నీంఫా తిరిగి తిట్టేది. బతిమాలేసరికి పిల్లవాణ్ణి ఒడిలోకి లాక్కుంది. "నీకెందుకత్తా అంత పట్టు?" అని అడిగింది. ఓలీవా లేచి తడిగుడ్డ మళ్ళీ తడపడానికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున వేడిగాలి ఇంకా వీస్తూనే ఉంది. నీంఫా పిల్లవాణ్ణి నిద్రపుచ్చి, వలలు తేవడానికి రేవు దాకా వెళ్ళింది. ఎంతో సేపు పట్టలేదు. తిరిగి వచ్చేసరికి ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఊయలలో పిల్లవాడు లేడు, పక్కగుడ్డ లేదు. ఓలీవా తలగుడ్డ మేకుకి లేదు.

వలలు గుమ్మంలోనే పడేసి పరుగెత్తింది. వీధిలో ఎర్రదుమ్ము కళ్ళలో పడుతోంది. మంగలి తలుపు సందులోంచి "ఏమైందమ్మా?" అన్నాడు. ఆమె ఆగలేదు. ఆ రెండు వీధులూ ఎలా దాటిందో తర్వాత ఎంత తలుచుకున్నా ఆమెకి గుర్తుకు రాలేదు. ఒక చెప్పు మాత్రం ఎక్కడో ఊడిపోయింది.

మందిరంలో కిటికీలకి తడిగోనెలు కట్టి ఉన్నాయి. లోపల మసకగా, చల్లగా ఉంది, తడిసున్నం వాసన ముక్కుకి కొట్టింది. బల్ల మీద ఓలీవా కూర్చుని ఉంది. ఆవిడ ఒడిలో సరీనో నిద్రపోతున్నాడు. నీంఫా ముందు వాడి ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. గుండె కొట్టుకుంటోంది, కానీ గబగబా, పట్టుకున్న పిట్ట గుండెలా. అప్పుడు తల ఎత్తి పరంజా మీద మేస్త్రిని చూసింది. ఆయన పక్కన, గోడలోంచి పుట్టినట్టు, సరీనో ఉన్నాడు.

అది వాడే. బుగ్గమీది గుంట వాడిది, మెడ దగ్గరి మడత వాడిది, ఎడమచెవి కొంచెం విచ్చుకుని ఉండటం కూడా వాడిదే. తడిగా, తెల్లగా, తల ఒక మేఘం మీద ఆనించి ఉన్నాడు. కళ్ళు మూసి ఉన్నాయి.

గోడవారన మేస్త్రి పనిముట్లు ఉన్నాయి. నీంఫా సుత్తి తీసుకుని నిచ్చెన ఎక్కింది. ఎత్తంటే ఆమెకి భయం. చిన్నప్పుడు మేడ మెట్లు కూడా గోడ పట్టుకుని దిగేది. ఆ రోజు పలకలు కాళ్ళ కింద ఊగుతుంటే నడుచుకుంటూ వెళ్ళి మేస్త్రి ఎదురుగా నిలబడింది.

"తప్పుకోండి."

మేస్త్రి తప్పుకున్నాడు. "పగలగొట్టు" అన్నాడు. "నేను అడ్డం రాను. తడిగా ఉంది, రెండు దెబ్బలకి ఊడొస్తుంది. కానీ ముందొక మాట విను."

"మీ మాటలు నాకక్కర్లేదు. ఐదుగురిని మింగారు."

"మింగానా." ఆయన చేతులు ముంజేతుల దాకా తెల్లగా ఉన్నాయి. వాటిని గుడ్డకి తుడుచుకున్నాడు. "నోఫ్రియో తన కొడుకుని నా దగ్గరికి ఎందుకు తెచ్చాడో ఆ పేత్రా చెప్పలేదు. వాడు అప్పటికే రక్తం కక్కుతున్నాడు. బియాజో కూతురికి కడుపులో గడ్డ. ఆ మూలనున్న కవలలు పుట్టిన మూడో నెలనుంచి కరిగిపోతూ వచ్చారు. నేను చెయ్యబట్టి వాళ్ళు పోలేదమ్మా. పోతారని తెలిసి వాళ్ళ అమ్మానాన్నలు నన్ను చెయ్యమన్నారు. ఊరికి చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు. అంతే నేను చేసింది."

నీంఫా సుత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"మరి నన్నెవరూ అడగలేదే" అంది. "నేను చెయ్యమనలేదే."

మేస్త్రి కిందికి చూశాడు. ఆమె కూడా చూసింది. ఓలీవా తల ఎత్తకుండా పిల్లవాడి వేళ్ళు ఒక్కొక్కటే నిమురుతోంది.

"కళ్ళు మూయమన్నది ఆవిడే" అన్నాడు మేస్త్రి.

నిచ్చెన దిగడం ఎక్కడంకంటే కష్టమైంది. సుత్తి ఎక్కడ పెట్టిందో తెలియదు. వచ్చి అత్తకి ఎదురుగా నిలబడింది. "చెప్పు" అంది.

"కోజిమోకి ముందు నాకొక కొడుకున్నాడు" అంది ఓలీవా. "వీతో. వాడికీ ఇంతే. ఏడిస్తే పెదాలు నీలం, నవ్వితే గోళ్ళు నీలం. నువ్వు చూశావు. చూసి పండు రసమన్నావు. నేనూ అప్పట్లో అలాగే అనుకున్నాను."

"పండు రసమే" అంది నీంఫా. ఆ మాట తన గొంతులో ఎవరో అన్నట్టుంది.

"ఆరేళ్ళు బతికాడు. ఇరవైనాలుగేళ్ళయింది పోయి. వాడి చొక్కా ఏ రంగో చెప్పగలను. వాడు నన్ను ఎలా పిలిచేవాడో చెవిలో ఉంది. మొహమే రావడంలేదే. కళ్ళు మూసుకుని ఎంత పిలిచినా రాదు. ఎవరెవరి పిల్లల మొహాలో వస్తాయి కానీ వాడిది రాదు." ఆవిడ మొదటిసారి తల ఎత్తింది. "నీకట్టా కాకూడదనుకున్నాను. చెప్తే నువ్వు తట్టుకోలేవనుకున్నాను. దేవుడి ముందుంటాడు, పోయి చూసుకోవచ్చు, అంతే నా ఆశ."

"వాడు బతికే ఉన్నాడత్తా. నీ ఒడిలో ఉన్నాడు. నువ్వు అప్పుడే కళ్ళు మూయించావు."

ఓలీవా పిల్లవాడి చొక్కా అంచు కిందికి లాగి సర్దింది.

అంతవరకు నీంఫా సున్నానికి భయపడింది, మేస్త్రి చేతికి భయపడింది, పరదేశి వేలికి భయపడింది. వాటిలో దేన్నయినా పగలగొట్టవచ్చు, దేన్నుంచయినా పారిపోవచ్చు. ఇప్పుడు భయం పిల్లవాడి ఒంట్లోనే ఉంది, చొక్కా కింద గబగబా కొట్టుకుంటోంది. ఎత్తుకుని ఎక్కడికి పరుగెత్తినా దాన్ని కూడా ఎత్తుకునే పరుగెత్తాలి.  

తల ఎత్తి పరంజా వైపు చూసి, "మేస్త్రిగారూ, సున్నం ఇంకా తడిగా ఉందా?" అని అడిగింది.

"సాయంత్రం దాకా ఉంటుంది. ఈ గాలికి అంత కూడా ఆగదేమో."

"అయితే కళ్ళు తెరవండి."

ఆయన సున్నపు రెప్పని వేలికొసతో నొక్కి చూశాడు. "కనురెప్ప చెక్కేసి మళ్ళీ చెయ్యాలి. పిల్లాడు మేలుకుని ఉండాలి, దగ్గరగా ఉండాలి. పాడైతే మొహమంతా పాడవుతుంది."

"పాడైతే పగలగొడతాను. తెరవండి."

ఆమె అత్త ఒడిలోంచి పిల్లవాణ్ణి తీసుకుంది. ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని మళ్ళీ నిచ్చెన ఎక్కబోతే ఓలీవా వచ్చి నిచ్చెన రెండు చేతులా బిగించి పట్టుకుంది. పైన పలకల మీద గోడకి వీపు ఆనించి కూర్చుని, నీంఫా కొడుకుని మెల్లగా కదిపింది. వాడు కళ్ళు తెరిచాడు. కొత్తచోటు చూసి, పక్కన తనలాంటి తెల్లవాణ్ణి చూసి, మూతి బిగించి ఏడుపు మొదలుపెట్టాడు.

పెదవులు నీలంగా మారాయి. మూతి చుట్టూ బూడిదరంగు కమ్మింది. కిటికీలకి ఉన్నది గోధుమరంగు గోనెలు, నీలంగుడ్డ కాదు. నీంఫా మొదటిసారి చూపు తిప్పుకోకుండా చూసింది. వాడి మోకాళ్ళను ఎందుకో ఛాతీకి దగ్గరగా మడిచి పట్టుకుంది. అలా పట్టుకుంటే ఊపిరి కుదుటపడుతోందని చేతులకే తెలిసింది. "ఊరుకో నాన్నా, ఊరుకో, అమ్మ ఇక్కడే ఉంది" అంటూ ఉంది. ఆ మాటలు వాడికి చెబుతోందో తనకి చెబుతోందో తెలియలేదు. మేస్త్రి కత్తిమొన అంత సన్నని చువ్వతో రెప్ప గీస్తూ, వాడివైపు చూస్తూ, మళ్ళీ గీస్తూ ఉన్నాడు. ఒకసారి ఆయన చెయ్యి ఆగిపోయింది.  సున్నం పొక్కు రాలింది, అంతే. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు.

పిల్లవాడి ఏడుపు వెక్కిళ్ళలోకి దిగి, పెదవులకి మెల్లగా రంగు తిరిగి వచ్చేసరికి ఎడమకన్ను పూర్తయింది. కుడికన్ను రెప్ప సగమే తెరుచుకుంది. అక్కడ సున్నం అప్పటికే బిగిసిపోయింది. అది ఇంక వీలు కాదన్నాడు మేస్త్రి. నిద్రలేస్తున్నవాడిలా ఉన్నాడు సున్నపు సరీనో. నీంఫా సరేనంది.

దిగి వచ్చాక ముగ్గురూ ఇంటికి నడిచారు. దారిలో ఓలీవా "నన్ను తిట్టు" అంది. నీంఫా తిట్టలేదు, పిల్లవాణ్ణి భుజం మార్చుకుని నడిచింది. పేత్రా ఇంటి ముందునుంచి వెళ్తుంటే కిటికీ రెక్క కొంచెం తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. ఊడిపోయిన చెప్పు ఎవరో తెచ్చి గుమ్మంలో పెట్టారు.

కోజిమో నవంబరులో వచ్చాడు. భుజాన మూటతో, ఎండకి నల్లబడి, గడ్డం పెరిగి. కొడుకుని ఎత్తి గాల్లో ఎగరేయబోయి, ఆగి, దించేశాడు. వాడి చూపు పిల్లవాడి గోళ్ళ మీద నిలవడం నీంఫా చూసింది. చిక్కుడు పులుసులో రొట్టె ముంచుకు తింటున్నప్పుడు ఓలీవా తానే మొదలుపెట్టి అంతా చెప్పింది. వాడు తినడం ఆపలేదు.

"నీకు ముందే తెలుసా?" అంది నీంఫా.

"మా అన్నకి గోళ్ళు ఎలా ఉండేవో గుర్తుంది" అన్నాడు వాడు. "వీడికి స్నానం చేయిస్తుంటే చూశాను."

"అందుకే పడవ ఎక్కావా?"

రొట్టెముక్క పులుసులో మునిగిపోయింది. వాడు దాన్ని తీసుకోలేదు. "ఇంట్లో ఉంటే రోజూ చూడాలి కదా" అన్నాడు.

ఆమె మూడు రోజులు వాడితో మాట్లాడలేదు. ఒక్కతే పిల్లవాణ్ణి ఎత్తుకుని తిరిగింది, ఒక్కతే వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. నాలుగో రోజు ఏదో పని మీద వెళ్తూ, పిల్లవాణ్ణి మొగుడి ఒళ్ళో పడేసి, మోకాళ్ళు ఎలా మడిచి పట్టుకోవాలో చూపించి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేసరికి కోజిమో కదలకుండా అలాగే కూర్చుని ఉన్నాడు. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయాడు. మరుసటి వసంతంలో పగడాల పడవవాళ్ళు వచ్చి పిలిస్తే రానన్నాడు. రేవులో చేపలబుట్టలు మోయడానికి కుదిరాడు.

సరీనో నడిచాడు, ఆలస్యంగా. నాలుగు అడుగులు వేసి గొంతుక్కూర్చునేవాడు. ఊపిరి అందాక లేచి మళ్ళీ నాలుగు అడుగులు వేసేవాడు. సందులో పిల్లలు వాణ్ణి పొదుగుకోడి అనేవారు. వాడు కూర్చున్నచోటే ఉండి వాళ్ళ తల్లులను కూడా కలిపి తిట్టేవాడు. తిట్లన్నీ ఓలీవా నేర్పించినవే. ఆవిడ పోయేనాటికి వాడికి ఐదేళ్ళు.

వీతో పోయిన వయసు, ఆరో ఏడు, సరీనోకి వచ్చినప్పుడు నీంఫా ఏడాదంతా సరిగా అన్నం తినలేదు. రోజూ పొద్దున వాడు లేవగానే, కళ్ళు చూడకముందే, పెదవులు చూసేది. ఏ రంగులో ఉన్నాయో చూసుకున్నాకే ఆమెకి రోజు మొదలయ్యేది. ఏడో ఏడు వచ్చింది. భయం తగ్గలేదు. ఆరేళ్ళ దాకా వీతో నడిచిన దారి గుర్తుగా ఉంది, ఇప్పుడు ముందు ఏ దారీ లేదు.

ఆ ఏడే ఒక పొద్దున వాడు పక్కమీదే కూర్చుని ఆమె చూపుని పట్టేశాడు.

"అమ్మా, రోజూ నా మూతే చూస్తావెందుకు? నన్ను చూడవా?"

నీంఫా "చూస్తున్నానుగా" అంది.

"చూడట్లేదు. మూతి చూసి పోతున్నావు."

ఆమె వాడి ఎదురుగా కూర్చుంది. వాడి గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగులోకి తిప్పి, నుదుటినుంచి మొదలుపెట్టి నిదానంగా చూసింది. కుడి కనుబొమలో వెంట్రుకలు ఒకచోట చిన్న సుడి తిరిగి ఉన్నాయి. ముక్కు మీద రెండు మచ్చలు కొత్తగా వచ్చాయి. పైపన్ను ఒకటి ఊగుతోంది. వాడు చూపించుకుంటూ, నాలుకతో దాన్ని కదిపాడు.

"చాలా?" అన్నాడు.

"ఉండు, ఇంకా అవలేదు" అంది నీంఫా.